కురుమ, గురుమ, శ: జపనీస్ ‘బండి’ అక్షరాన్ని చదవడం ఎలా?

జపనీస్ నేర్చుకునే మొదటి వారంలోనే కారును ‘కురుమ’ అంటారని తెలుస్తుంది. అక్షరం (車) కూడా తేలిక. జపాన్‌లో ఒకటో తరగతి పిల్లలకు నేర్పే 80 కంజీలలో, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాలలో, అదొకటి. రెండో వారంలో రైల్వే స్టేషన్ బొమ్మ కింద అదే అక్షరం కనిపిస్తుంది, కానీ అక్కడ దాన్ని ‘శ’ అని చదవాలి. ఇంకొన్నాళ్లకు పంటి చక్రం అనే మాటలో అదే ‘గురుమ’ అవుతుంది. పండుగ రథం దగ్గరికి వచ్చేసరికి ఈ మూడూ కాకుండా మరేదో పలకాల్సి వస్తుంది. చాలామంది ఇక్కడే విసిగిపోయి ‘ఈ భాషకు నియమం లేదు’ అనేస్తారు.

నియమం ఉంది. పైగా అది తెలుగువాళ్లకు కొత్తదీ కాదు. దేశ్యం, తత్సమం తేడా, గసడదవాదేశం, ‘బండి’ అన్న మాట మన కళ్లముందే మారిన తీరు తెలిసినవాళ్లకు ఈ అక్షరం సగం తెలిసినట్టే. ఇంగ్లీషు మీదుగా వెళ్లి జపనీస్ నేర్చుకునేటప్పుడు ఈ దగ్గరి దారి మనకు కనిపించకుండా పోతుంది. అందుకే ఈ మార్గదర్శిని తెలుగు వైపు నుంచే రాస్తున్నాను.

మొదటి అడుగు: అక్షరాన్ని గీసి, కాగితం తిప్పండి

కాగితం, పెన్ను తీసుకోండి. ఈ అక్షరానికి ఏడు గీతలు, వరస ఇది. పైన ఒక చిన్న అడ్డగీత గీయండి. దాని కింద కొంచెం ఖాళీ వదిలి ఒక పెట్టె మొదలుపెట్టండి: ముందు ఎడమవైపు నిలువుగీత, తర్వాత పైనుంచి కుడికి వెళ్లి కిందికి వంగే గీత, ఆపైన పెట్టె మధ్యలో ఒక అడ్డగీత, చివర పెట్టె అడుగు మూసే గీత. ఇప్పటికి ఐదయ్యాయి. పెట్టె కింద మళ్లీ కొంచెం ఖాళీ వదిలి, అన్నిటికంటే పొడవైన అడ్డగీత గీయండి. ఏడోది నిలువుగీత. అది అన్నిటికంటే పైన మొదలై, పెట్టె నడుమ నుంచి దూసుకుపోయి, కింది గీతను కూడా దాటి ఆగాలి.

ఇప్పుడు కాగితాన్ని పక్కకు తిప్పి, పొడవాటి నిలువుగీత అడ్డంగా వచ్చేలా పెట్టండి. ఆకాశం నుంచి కిందికి చూస్తే కనిపించే రథం అది. అడ్డంగా ఉన్నది ఇరుసు. రెండు చివర్లలో చిన్న గీతలుగా కనిపించేవి చక్రాలు, ఎందుకంటే పైనుంచి చూస్తే చక్రం గీతలాగే ఉంటుంది. మధ్యలోని పెట్టె మనిషి నిలబడే తొట్టి.

ఇది నేను అల్లిన గుర్తుంచుకునే చిట్కా కాదు, అక్షరం నిజంగా పుట్టిన తీరే ఇది. చైనాలో హెనాన్ రాష్ట్రంలోని అన్యాంగ్ దగ్గర, షాంగ్ రాజుల కాలపు జోస్యపు ఎముకల మీద ఈ అక్షరం పాతరూపాలు దొరికాయి. సుమారు 3,200 ఏళ్ల కిందటి ఆ రూపాల్లో కొన్నింటిలో గుండ్రని చక్రాలు, ఇరుసు, గుర్రాల మెడ మీది కాడి కూడా స్పష్టంగా కనిపిస్తాయి. అదే చోట గుర్రాలతో సహా పాతిపెట్టిన అసలు రథాలు కూడా తవ్వకాల్లో బయటపడ్డాయి. రాయడం తేలిక కావడానికి రానురాను చక్రాలు గీతలయ్యాయి, బొమ్మ నిలువుగా తిరిగింది.

ఈ బొమ్మను ఒకసారి చూశాక, వేరే అక్షరాల్లో భాగంగా వచ్చినా దీన్ని గుర్తుపట్టగలరు. చక్రం, దొర్లడం, తేలిక, రవాణా, ఇరుసు, సైన్యం అనే అర్థాలున్న కంజీలలో ఈ రథమే కూర్చుని ఉంటుంది. సైన్యంలోకి ఎందుకు వచ్చిందో చెప్పనక్కర్లేదు, ఆ కాలపు యుద్ధం రథాల మీదే జరిగేది.

రెండో అడుగు: ఒక అక్షరం, రెండు పుట్టిళ్లు

జపాన్‌కు చైనా లిపి రాకముందే జపనీస్ భాష ఉంది. బండికి వాళ్ల సొంత మాట ‘కురుమ’. లిపి వచ్చాక ఆ అక్షరంతో పాటు దాని చైనా ఉచ్చారణ కూడా వచ్చి, జపాన్ నోట ‘శ’గా స్థిరపడింది. సొంత మాటతో చదవడాన్ని ‘కున్‌యొమి’ అంటారు, చైనా నుంచి వచ్చిన ధ్వనితో చదవడాన్ని ‘ఒన్‌యొమి’ అంటారు.

మనకు నీరు ఉంది, జలం ఉంది. దాహం వేస్తే ‘నీళ్లు ఇవ్వమ్మా’ అంటాం, జలం అడగం. ‘జలపాతం’ అంటాం గానీ ‘నీరుపాతం’ అనం. ఇంట్లో మాట్లాడే ఒంటరి మాట దేశ్యం, పుస్తకంలో ఒకదానికొకటి అతుక్కుని పెద్ద పదంగా మారేది తత్సమం. జపనీస్‌లో కురుమ నీరులాంటిది, శ జలంలాంటిది. తేడా ఏమిటంటే మనం నీరు, జలం వేరువేరుగా రాస్తాం, వాళ్లు రెండింటికీ ఒకే బొమ్మ వేస్తారు. ఏది పలకాలో పక్కనున్న అక్షరాలను చూసి పాఠకుడే తేల్చుకోవాలి.

అందుకని మొదటి నియమం: అక్షరం ఒంటరిగా ఉంటే ‘కురుమ’. దాని వెనక జపనీస్ విభక్తులు వచ్చినా ‘కురుమ’ మారదు. ‘కారులో’ అనాలంటే ‘కురుమ దె’.

పలుకుబడి గురించి ఒక్క మాట. మొదటి ‘కు’ కొంచెం దించి, ‘రు’, ‘మ’ రెండింటినీ ఒకే ఎత్తులో పలకండి. చివరి ‘మ’ను సాగదీయకండి. ‘శ’ను మన తాలవ్య శకారంలా పలికితే చాలా దగ్గరగా ఉంటుంది, రిక్షాలోని మూర్ధన్య ష వద్దు. హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం అన్నీ మన లిపిలో ఉన్నాయి గనక ఈ మాటలను తెలుగులో రాసుకుని చదవడం రోమన్ అక్షరాల కంటే మేలు.

మూడో అడుగు: ‘కురుమ’ ఎక్కడిది?

‘కురుకురు’ అంటే జపనీస్‌లో గిరగిరా తిరగడం. మనం గిరగిర, జరజర, బిరబిర అన్నట్టే వాళ్లకూ ఇలాంటి ధ్వన్యనుకరణ మాటలు కొల్లలు. గిరగిరా తిరిగేది గనక కురుమ అయిందన్నది ఎక్కువమంది చెప్పే వివరణ. తిరిగేదానికి పెట్టిన పేరు కాబట్టే చక్రం అనే అర్థం ఆ మాటలో ఇప్పటికీ మిగిలి ఉంది. అది నాలుగో అడుగులో పనికొస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ధ్వని కలిసింది కదా అని చుట్టరికం కలిపేయకండి. తెలంగాణలో వినిపించే కురుమ అన్న పేరుకూ దీనికీ సంబంధం లేదు. చైనా వైపు మాట మాత్రం వేరే సంగతి. ప్రాచీన చైనా భాషలో రథానికున్న పేరు ఇండో-యూరోపియన్ భాషల చక్ర శబ్దం నుంచి వెళ్లి ఉండొచ్చని కొందరు భాషాశాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. గుర్రపు రథాలు మధ్య ఆసియా మీదుగా చైనాకు చేరాయి కాబట్టి ఆ ఆలోచనకు ఆధారం లేకపోలేదు. అయినా అది ప్రతిపాదనే, తేలిన విషయం కాదు.

మాట ఎక్కడిదైనా, దాని ప్రయాణం మాత్రం మనకు బాగా తెలిసిన ప్రయాణమే. మా తాతల నోట బండి అంటే ఎడ్లబండి. తర్వాత రైలుబండి వచ్చింది. ఇవాళ ఒక కుర్రాడు ‘బండి తీసుకొస్తా’ అంటే మోటార్‌సైకిల్ అని అర్థం, కారున్నవాడు అంటే కారు. మాట ఒకటే, కాలం ఏది తోలితే అది దాని అర్థం. కురుమ కూడా అంతే. క్యోటో రాజధానిగా ఉన్న హెయాన్ కాలంలో (8–12 శతాబ్దాలు) కురుమ అంటే ప్రభువులు ఎక్కే ఎద్దుబండి, దాని అసలు పేరు ‘గిశ్శ’. ఆ కాలపు గెంజి కథలో, కమొ ఉత్సవం నాడు ఇద్దరు గొప్పింటి ఆడవాళ్ల బళ్లు చోటు కోసం గొడవపడే ఘట్టాన్ని ఈనాటికీ ‘కురుమ అరసొఇ’, అంటే బళ్ల తగవు అనే పిలుస్తారు. మేజీ కాలానికి (1868–1912) వచ్చేసరికి కురుమ అంటే మనిషి లాగే రిక్షా. ఇవాళ కారు. కాబట్టి పాత జపనీస్ కథ చదువుతూ కురుమ కనిపించగానే కారు అనుకోకండి, ముందు అది ఏ కాలపు కథో చూడండి.

నాలుగో అడుగు: గసడదవలను గుర్తు తెచ్చుకోండి

కూర, కాయ కలిస్తే కూరగాయ. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. రెండో మాట మొదట ఉన్న పరుషం మెత్తబడుతుంది, క గ అవుతుంది, త ద అవుతుంది. బడిలో ‘గసడదవాదేశం’ అని బట్టీపట్టిన ఈ పనినే జపనీస్‌లో ‘రెందకు’ అంటారు. అక్కడా క గ అవుతుంది, త ద అవుతుంది. స మాత్రం జ లాంటి ధ్వని అవుతుంది, హ బ అవుతుంది. రెండు భాషలకూ చుట్టరికం ఉందని దీని అర్థం కాదు. మాటలు అతుక్కునే చోట నోరు చేసే పని రెండు చోట్లా ఒకేలా ఉంది, అంతే.

ఇప్పుడు కురుమ సమాసంలో రెండో మాటగా వస్తే ఏమవుతుందో మీరే చెప్పగలరు: గురుమ.

‘హ’ అంటే పన్ను, ‘హగురుమ’ అంటే పళ్లచక్రం, గేరు. ‘ఇతొ’ అంటే దారం, ‘ఇతొగురుమ’ అంటే రాట్నం. ‘ని’ అంటే సరుకు, ‘నిగురుమ’ సరుకు బండి. ‘ఉబ’ అంటే దాది, ‘ఉబగురుమ’ పసిపిల్లల్ని తిప్పే తోపుడుబండి. ‘కత’ అంటే భుజం, ‘కతగురుమ’ అంటే పిల్లవాణ్ణి భుజాల మీద ఎక్కించుకోవడం. జాతర జనంలో దేవుణ్ణి చూపించడానికి నాన్నలు చేసే పని అది. జూడోలో ఎదుటివాణ్ణి భుజాల మీదికెత్తి పడేసే పట్టుకు కూడా అదే పేరు. హగురుమ, ఇతొగురుమ బళ్లు కావని గమనించారా? తిరిగే చక్రం అన్న పాత అర్థం అక్కడ బతికే ఉంది.

కురుమ మొదటి మాటగా ఉంటే మారదు. చక్రాల కుర్చీ ‘కురుమఇసు’, గుండ్రంగా కూర్చోవడం ‘కురుమజ’. వంటింట్లో ‘కురుమఎబి’ అనే రొయ్య ఉంది. అది ముడుచుకున్నప్పుడు ఒంటి మీది చారలు చక్రపు ఆకుల్లా కనిపిస్తాయని ఆ పేరు. నడుమ ‘నొ’ అనే విభక్తి ఉన్నా మారదు. ‘హి నొ కురుమ’ అంటే నిప్పుల బండి. పాపులను నరకానికి మోసుకుపోయే మంటల బండి గురించిన బౌద్ధ నమ్మకం నుంచి వచ్చిన మాట ఇది. ఇవాళ ఇంట్లో డబ్బుకు కటకటగా ఉందని చెప్పడానికి వాడతారు.

మన వ్యాకరణం తత్సమాన్నీ తెలుగు మాటనూ కలిపితే వైరి సమాసం అని ఒప్పుకోదు. జపనీస్‌కు ఆ పట్టింపు లేదు. కురుమఇసులో మొదటిది దేశ్యం, రెండోది చైనా మాట. మేజీకి ముందటి ఎదొ కాలపు పెద్ద తోపుడుబండి ‘దైహచిగురుమ’లో అది తిరగబడింది. అందుకని ‘పక్కది ఒన్ అయితే ఇదీ ఒన్’ అన్న నియమాన్ని నూటికి నూరుపాళ్లు నమ్మకండి.

ఐదో అడుగు: ‘శ’తో వీధిలోకి

రోజూ కనిపించే మాటల్లో ఎక్కువ వాటా ‘శ’దే. అనుమానం వచ్చి, ఆలోచించే వ్యవధి లేకపోతే, రెండు మూడు కంజీల సమాసంలో ‘శ’ అనేయండి. చాలాసార్లు అదే సరైనది.

మేజీ కాలంలో పడమటి నుంచి కొత్త వాహనాలు వచ్చిపడ్డాయి. మనం ‘ధూమశకటం’ అని సంస్కృతంలో పేరు కట్టినట్టే వాళ్లు కంజీలు పేర్చి పేర్లు కట్టారు. 1872లో షింబషి, యొకొహమల మధ్య మొదటి రైలు నడిచింది. ఆవిరితో నడిచేది గనక అది ‘కిశ’. 1895లో క్యోటోలో కరెంటు ట్రామ్ మొదలైంది. కరెంటుతో నడిచేది ‘దెన్‌శ’. తనంతట తాను కదిలేది ‘జిదోశ’, మోటారు కారు. తనే తిప్పుకునేది ‘జితెన్‌శ’, సైకిల్. గుర్రపు బండి ‘బశ’, అంబులెన్స్ ‘క్యూక్యూశ’. టొయోటాకు జపాన్‌లో ఉన్న పేరు ‘తొయొత జిదోశ’. మన శ్రీసిటీలో కర్మాగారం పెట్టిన ఇసుజుకూ సొంత ఊళ్లో పేరు ‘ఇసుజు జిదోశ’యే.

దెన్‌శ, కిశ తేడా ఊళ్లలో ఇంకా ఉంది. షికొకు దీవిలోని తొకుశిమలో రైళ్లు డీజిల్‌తో నడుస్తాయి కాబట్టి అక్కడివాళ్లు దెన్‌శ అనకుండా కిశ అనడం మామూలు. చైనా భాష వచ్చినవాళ్లకు ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. కిశ రాసే అవే రెండు అక్షరాలకు చైనాలో మోటారు కారు అని అర్థం.

‘శ’ ముందు ‘త్సు’తో ముగిసే అక్షరం వస్తే ద్విత్వం వస్తుంది. ‘రెత్సు’ అంటే వరస, దానికి శ కలిస్తే ‘రెశ్శ’, పెట్టెల వరసగా నడిచే రైలు. ‘హత్సు’ అంటే బయల్దేరడం, శ కలిస్తే ‘హశ్శ’, బండి బయల్దేరడం. ‘కశ్శ’ అంటే కప్పీ. ఈ ద్విత్వాన్ని పూర్తిగా పలకండి. ‘కశ్శ’ను ‘కశ’ అంటే సరుకు రైలుపెట్టె అవుతుంది.

ప్రయాణంలో ముందుగా కళ్లు వెతకాల్సిన మాటలు కొన్ని. ‘చూశజో’ పార్కింగ్ స్థలం. ‘జోశ’ ఎక్కడం, ‘గెశ’ దిగడం. ‘శశో’ అంటే రైలు గార్డు లేదా కండక్టరు. షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) టికెట్టు మీద అంకె పక్కన ‘గోశ’ ఉంటే అది మీ పెట్టె నంబరు, సీటు నంబరు కాదు. కారు కొన్నవాళ్లకు ‘శకెన్’ అనే మాట తప్పదు, అది తప్పనిసరిగా చేయించాల్సిన వాహన తనిఖీ.

చెవికి వేరే సాధన కావాలి, ఎందుకంటే ‘శ’ ధ్వని ఉన్న కంజీలు చాలా ఉన్నాయి. కంపెనీ అనే అర్థంలో ఒకటి, మనిషి అనే అర్థంలో ఇంకొకటి. వినగానే బండి అనుకుంటే తప్పుతుంది. ‘చూశ’ పార్కింగ్ కావచ్చు, ఆసుపత్రిలో ఇంజెక్షన్ కావచ్చు. ‘కిశ’ రైలు కావచ్చు, విలేకరి కావచ్చు. ‘హశ్శ’ రైలు బయల్దేరడం కావచ్చు, రాకెట్ ప్రయోగం కావచ్చు. రాతలో ఈ చిక్కు లేదు. కంజీలు ఇంత కష్టపెట్టినా జపాన్‌వాళ్లు వాటిని ఎందుకు వదులుకోలేదో నాకు ఇలాంటి మాటల దగ్గరే అర్థమైంది.

ఆరో అడుగు: జంట చదువులు

గాలి, బండి అనే రెండు అక్షరాలు పక్కపక్కన ఉన్నాయనుకోండి. ‘కజగురుమ’ అంటే పిల్లలు పట్టుకుని పరుగెత్తే రంగుకాగితాల గాలిచక్రం. ‘ఫూశ’ అంటే గాలిమర. రాత ఒకటే, చదువు మారితే వస్తువు మారిపోతుంది. మొదట్లో ఒక గుడి ముందు బొమ్మల అంగడిలో నేను ‘ఫూశ ఉందా’ అని అడిగాను. అక్కడున్న పెద్దావిడ కాసేపు ఆలోచించి, నా వేలు చూపిస్తున్న వైపు చూసి, ‘కజగురుమ’ అని నెమ్మదిగా రెండుసార్లు పలికి నా చేతికిచ్చింది. ఆ తర్వాత ఆ మాట నేను మరచిపోలేదు. చేతిలో పట్టే, ఇంట్లో మసలే వస్తువుకు గురుమ, కట్టడానికీ యంత్రానికీ శ అన్న నా అంచనా అక్కడే మొదలైంది. చాలా మాటలకు ఇది సరిపోతుంది.

ఎద్దు, బండి అన్న జంట ఇంకా కష్టం. రాచబండి అయితే గిశ్శ. మామూలుగా చదివితే గ్యూశ, రైతు తోలేది ఉశిగురుమ. బౌద్ధంలోకి వెళ్తే ‘గొశ’. మండే ఇంట్లో ఆడుకుంటున్న పిల్లల్ని బయటికి రప్పించడానికి తండ్రి మూడు రకాల బళ్లు ఇస్తానని ఆశపెట్టే కథ సద్ధర్మపుండరీక సూత్రంలో ఉంది. ఆ బళ్లలో ఎద్దుబండి అదే.

చదరంగం బల్ల దగ్గర కూడా ఈ అక్షరం ఎదురవుతుంది. జపాన్ చదరంగం షొగిలో ‘హిశ’ అంటే ఎగిరే రథం, ‘క్యోశ’ మూలన నిలిచే పావు. చతురంగ బలాల్లోని రథం అంత దూరం వెళ్లి ఈ అక్షరంలో ఒదిగిపోయింది.

ఏడో అడుగు: లొంగని మాటలు

కొన్నిటిని నియమంతో చదవలేం, బట్టీపట్టడమే. కొండ, బండి అనే అక్షరాలు కలిస్తే ‘దశి’, పండుగలో ఊరేగించే రథం. నేల, బండి కలిస్తే ‘దంజిరి’. ఒసాకా దగ్గరి కిశివదలో సెప్టెంబరులో వందలమంది తాళ్లు పట్టి వీధి మలుపుల్లో పరుగున తిప్పే చెక్కరథం అదే. బండి, ముందు, గడ్డి అనే మూడు అక్షరాలు ‘ఓబకొ’, బండిదారుల వెంట మొలిచే ఒక మొక్క. ఇక్కడ ఒక్కో అక్షరానికీ ధ్వని పంచలేం. మొత్తం మాటకు మొత్తం ధ్వని.

నుడికారాలు కూడా ఇక్కడే నేర్చుకోండి. ‘కుచిగురుమ’ నోటిబండి, అది ఎక్కడమంటే తీపిమాటలకు మోసపోవడం. ‘యొకొగురుమ’ను తోయడమంటే బండిని అడ్డంగా నెట్టడం, అంటే మొండిగా అన్యాయపు పట్టు పట్టడం. ‘కురుమ నొ ర్యోరిన్’ అంటే బండికి రెండు చక్రాలు. దీన్ని తెలుగువాళ్లకు వివరించే పనే లేదు, మనం సంసారం గురించి చెప్పే మాటే.

చివరి సాధన: మూడు అక్షరాలు, ఒక చేతి అడ్డం

మనిషి, బలం, బండి అనే మూడు కంజీలను నిలువుగా రాయండి. జిన్, రికి, శ. 1870లో టోక్యో అధికారుల అనుమతితో రోడ్డెక్కిన బండి పేరు ‘జిన్‌రికిశ’. ఆ బండి సముద్రాలు దాటి, 1880ల నాటికే సిమ్లా కొండల్లో తిరిగింది. ఇంగ్లీషు నోట ముందు అక్షరం రాలిపోయింది. మిగిలిన ముక్క మన దగ్గర రిక్షా అయింది, ఆటోరిక్షా అయింది. ‘శ’ అన్న చదువును మీరు చిన్నప్పటి నుంచీ పలుకుతూనే ఉన్నారు.

ఇప్పుడు పైనున్న మనిషి అక్షరాన్ని చేత్తో మూయండి. మిగిలినవి బలం, బండి. ఒన్‌లో చదివితే ‘రికిశ’, మన రిక్షా. అవే రెండు అక్షరాలను కున్‌లో చదవండి: బలం ‘చికర’, బండి గసడదవ పడి ‘గురుమ’. ‘చికరగురుమ’ అంటే మనుషులు బలంగా లాగే సరుకు బండి. 8వ శతాబ్దపు మన్యోశు కవితాసంకలనంలో హిరొకవ అనే రాచకుమార్తె పద్యంలో ఈ మాట ఉంది. తన ప్రేమ గడ్డిలా పెరిగిపోయిందట. దాన్ని చికరగురుమల మీదికెత్తితే ‘నన కురుమ’, ఏడు బళ్లు నిండాయట.

చికరతో కలిసిన చోట గురుమ, ఏడు అని లెక్కపెట్టిన చోట కురుమ. రెండూ ఆ ఒక్క పద్యంలోనే ఉన్నాయి. పైకి చదివి చూడండి.